చుక్క పెట్టిన కార్డు

లోవకుమారి చచ్చిపోయిన ఏడాదికి నూకరాజు ఆమెను ఆన్ చేశాడు.

మధ్యాహ్నం వేళ. కాకినాడ మెయిన్ రోడ్డు పక్క సందులో పాత వీడియో గేముల రిపేరు కొట్టు అతనిది. షట్టర్ సగానికి దించాడు. బల్ల మీది నల్ల గేమ్ పెట్టెకు టీవీ తగిలించి, మెమరీ కార్డు లోపలికి తోశాడు. పెట్టెలో ఫ్యాన్ మూలిగింది. తెర నీలంగా మారింది. స్పీకరు గరగరలాడింది.

"ఏవండీ, కరెంటు పోయిందా?"

నూకరాజు కుర్చీ బల్లకు దగ్గరగా జరుపుకున్నాడు.

"పోలేదు."

"మరి ఇంత చీకటేటి? డాక్టరమ్మ టోపీ తీసేసిందా లేదా? నెత్తి ఒకటే దురద."

ఆమెకు గుర్తున్న ఆఖరి సంగతి ఆ టోపీ. గుండె ఆపరేషన్‌కి ముందురోజు విశాఖపట్నంలో ఒక ప్రయోగశాల వాళ్ళు ఆమె తలకు తీగల టోపీ పెట్టి మెదడు అచ్చు తీసుకున్నారు. ఆమెకు ఇప్పుడు తల లేదు. దురద మాత్రం అచ్చులో ఉండిపోయింది.

"నువ్వు పోయి ఏడాదైంది లోవా."

"ఎక్కడికి?"

"చచ్చిపోయావు."

పెట్టె నెమ్మదిగా నడిచే రకం. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఫ్యాన్ చప్పుడు ఒక్కటే వినబడుతుంది. ఈసారి చాలాసేపు వినబడింది.

"ఆ మాటేదో మెల్లగా చెప్పొచ్చు కదండీ. కొట్టుకొచ్చినోడికి నీ పెట్టె పోయిందని చెప్పినట్టు చెప్పేరు." తర్వాత గొంతు తగ్గింది. "ఆపరేషన్ బల్ల మీదే పోయేనా?"

"కాదు. ఆపరేషన్ అయ్యాక లేవలేదు. మిషన్ మీద ఉంచారు. ఆ మిషన్ తీసెయ్యమని నీ కూతురు సంతకం పెట్టింది."

"పెట్టిందా?" అంది లోవ. "అమ్మయ్య."

నూకరాజు చెయ్యి బల్ల మీద ఆగిపోయింది.

"పెట్టదేమోనని భయపడ్డానండీ. నేనే చెప్పేను దానికి. టోపీ పెట్టించుకోడానికి వస్తా బస్సులో చెప్పేను. నేను మిషన్ మీద పడితే ఉంచొద్దే వల్లీ, మీ నాన్న వల్ల కాదు, ఆయన ఏదీ వదలడు, నువ్వే పెట్టాలి అని. చెయ్యి పట్టుకుని ఒట్టేయించుకున్నాను. ఏడ్చింది పిచ్చిది. ఎలా ఉందండీ అది?"

నూకరాజు ఆపే బటన్ నొక్కాడు. తెర మీద ఎప్పుడూ వచ్చే ప్రశ్న వచ్చింది: సేవ్ చేయాలా? అవును. కాదు.

కాదు అన్నాడు.

*

ఆ పెట్టెలు అతనికి కొత్త కాదు. వాటికి వచ్చే డిస్కులు ఎప్పుడో అరిగిపోయాయి, తయారు చేసినవాళ్ళు మానేశారు. కాపీలు ఆడకుండా కంపెనీ పెట్టెలో పెట్టిన తాళం నూకరాజు తీసి, గేముల బ్యాకప్ కాపీలు మెమరీ కార్డులో వేసి ఆడించేవాడు. చిన్నప్పుడు ఆడినవాళ్ళు తల నెరిశాక వచ్చి, ఆ గేము మళ్ళీ కావాలని అడిగేవాళ్ళు. ఆ పని అతనిది. కార్డుల పని లోవది.

మార్కెట్లో దొంగ కార్డులు ఎక్కువ. మీద రాసిన అంకె పెద్దది, లోపల చోటు చిన్నది. నిండాక ఇంకా రాస్తుంటే కార్డు కాదనదు. మొదటికి వెళ్ళి పాతదాని మీదే రాసేస్తుంది. అందుకని లోవ ప్రతి కార్డునూ గేములతో అంచుదాకా నింపేది. మొదటి గేము ఆడేది, చివరి గేము ఆడేది. రెండూ తిన్నగా ఉంటే ఎర్ర గోళ్ళరంగు సీసా తీసి, అగ్గిపుల్ల వెనకకొనతో కార్డు మీద చుక్క పెట్టేది. రోజుకు రెండో మూడో అయ్యేవి. కాకినాడలో ఆటల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఆ చుక్క తెలుసు. "లోవక్క చుక్క ఉందా?" అని అడిగి కొనేవాళ్ళు.

ఆమె పోయాక కూడా అదే అడిగారు. నూకరాజు అదే రంగు సీసా కొన్నాడు. కార్డులు వరసగా పరిచి, సీసాలోని కుంచెతో ఒక్కసారి కూర్చుని అన్నిటికీ చుక్కలు పెట్టాడు. ఒక్కదాన్నీ నింపి చూడలేదు. చుక్క అడిగారు, చుక్క ఇచ్చాడు.

ఆస్పత్రిలోనూ అంతే. మెదడు పోయింది, మిషన్ గుండెను ఆడిస్తోంది, ఏంచేద్దామని డాక్టర్లు కాగితం తెచ్చినప్పుడు నూకరాజు టీ తాగడానికి కిందికి వెళ్ళాడు. చాలాసేపు తాగాడు. పైకి వచ్చేసరికి కూతురు ప్రవల్లిక సంతకం పెట్టి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పెద్దకార్యం నాడు ఆమె గరిటె పట్టుకుని వడ్డనకు వస్తే, బంధువులందరి ముందూ అన్నాడు: "తల్లిని చంపిన చెయ్యి. ఆ చేత్తో వడ్డిస్తే నేను తినను." లోవ చెల్లెలు లేచి వచ్చి వల్లి చేతిలో గరిటె తీసుకుంది. అమ్మే చెప్పిందని వల్లి అంది. ఎవరు విన్నారని అడిగాడు నూకరాజు. ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచి వల్లిని ఏ ఇంటికీ ఎవరూ పిలవలేదు. పిన్ని కూతురి ఓణీల ఫంక్షన్‌కి కూడా పిలవలేదు.

ఆ ప్రయోగశాల మూతపడేటప్పుడు, అచ్చులు ఇచ్చినవాళ్ళను పిలిచి ఎవరిది వాళ్ళను తీసుకుపొమ్మన్నారు. అక్కడి డాక్టర్ మాధవి నూకరాజుకు ముందే చెప్పింది.

"తీసుకెళ్ళి ఏంచేస్తారండీ? కొత్త మెషిన్ల మీద నడవదు. డబ్బు లేని రోజుల్లో పాత గేమ్ పెట్టెలు కలిపికట్టి మొదలుపెట్టాం మేము. ప్రోగ్రాం అంతా ఆ చిప్ కోసమే రాశాం."

"ఏ పెట్టె?"

ఆమె చూపించింది. నూకరాజుకు నవ్వొచ్చింది. ఆ పెట్టెలు అతని కొట్టు అటక మీద దుమ్ము పట్టి ఉన్నాయి.

కాపీ తీసుకోడానికి కార్డు తెచ్చాడు. మాధవి దాన్ని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"పరీక్ష చేశారా? నింపి చూడాలంటే రాత్రంతా పడుతుంది. రేపు రండి, పరవాలేదు. మీరు సంతకం పెట్టగానే మా దగ్గరది చెరిపెయ్యాలి, అది రూలు."

"చుక్క ఉంది కదండీ."

"చుక్కేంటి?"

"మా ఆవిడ చుక్క."

"ఇంకో కార్డు మీద కూడా ఒక కాపీ ఉంచుకోండి."

"రెండో కాపీ ఎందుకండీ? నాకు ఇద్దరు పెళ్ళాలా?"

మాధవి నవ్వలేదు. నూకరాజు సంతకం పెట్టాడు. ఆమె చెరిపేసింది.

*

సేవ్ చేయకుండా ఆపితే లోవకు ఏదీ గుర్తుండదు. మర్నాడు ఆన్ చేస్తే మళ్ళీ కరెంటు పోయిందా అంటుంది, మళ్ళీ నెత్తి దురదంటుంది. నూకరాజు మళ్ళీ చెప్పాడు. మళ్ళీ ఆమె అమ్మయ్య అంది. మళ్ళీ కాదు నొక్కాడు.

ఆటలో ఒక చోట చచ్చిపోతే అక్కణ్నుంచే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఎటు దూకితే చస్తామో తెలిశాక అటు దూకం. నూకరాజు అలాగే ఆడాడు. ఒకరోజు అరిచాడు. ఆమె తిరిగి అరిచింది. కాదు. ఒకరోజు బతిమాలాడు. "ఊరుకోండి, పెద్దాయన ఏడిస్తే బాగోదు" అంది. కాదు. ఒకరోజు బస్సు మాట ఆమె ఎత్తకముందే తను ఎత్తాడు.

"బస్సులో నువ్వు వల్లికి చెప్పావు, సరే. కాకపోతే డాక్టర్లు ఇంకో మాట అన్నారు. రెండ్రోజులు ఆగితే కళ్ళు తెరుస్తుందన్నారు."

అది అబద్ధం.

ఫ్యాన్ తిరిగింది. "నిజంగానా?"

"నేను కిందికెళ్ళి వచ్చేసరికి సంతకం పెట్టేసింది. అది పాఠాలు చెప్పే బడిలో పరీక్షలున్నాయంట."

"వల్లి అలా చెయ్యదండీ."

"చేసింది."

"రెండ్రోజులు ఆగితే లేచేదాన్నా?" అంది లోవ. ఈసారి చిన్న గొంతుతో.

ఆ రోజు నూకరాజు అవును నొక్కాడు.

తర్వాత అన్నీ దాని మీదే కట్టాడు. కాస్త గెలిచిన మధ్యాహ్నాలు సేవ్ చేశాడు. ఓడినవి పారేశాడు. కూతురు మంచిదని ఆమె అన్న రోజులన్నీ పోయాయి. అనుమానపడిన రోజులన్నీ ఉన్నాయి. పెట్టెకు కెమెరా తగిలిస్తే ఆమె చూడగలదు. తగిలించలేదు. ఆమెకు వినడానికి అతని గొంతు ఒక్కటే ఉంది.

మధ్యలో వల్లి వచ్చింది. పెద్దాపురం బడిలో టీచరు ఆమె. మాధవి ఫోన్ చేసి చెప్పిందట. సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి చూసింది.

"నాన్నా, అమ్మ ఉందా?"

"ఉంది. నీకు లేదు."

"ఒక్క మాట అడిగి పోతాను. నువ్వూ పక్కనే ఉండి విను. బస్సులో ఏం చెప్పిందో తన నోటితో చెప్తే చాలు. పిన్నికి నువ్వు ఫోన్ కూడా చెయ్యక్కర్లేదు, నేనే చెప్పుకుంటాను."

"ఇంకా కుదురుకోలేదు. మాటలు తడబడతన్నాయి. కుదురుకున్నాక నేనే పిలుస్తాను."

"ఒక్కసారి గొంతైనా విననియ్యి."

నూకరాజు షట్టర్ కిందిదాకా లాగేశాడు. బయట ఆమె కాళ్ళు కాసేపు అక్కడే నిలబడ్డ చప్పుడు, తర్వాత పోయిన చప్పుడు వినబడ్డాయి.

*

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ఎందుకో తుని సంగతి వచ్చింది. తలుపులమ్మ లోవ కొండ కింద ఆమె పుట్టిల్లు. కొండ మీది అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిందని లోవ అని పేరు పెట్టారు. ఏ సంగతి మొదలెట్టినా చివరికి ఆ కొండ దగ్గర తేల్చడం ఆమె అలవాటు.

"మీ కొండ మీద ఈ పాటికి మబ్బు దిగుంటాది" అన్నాడు నూకరాజు.

"ఏ కొండండీ?"

అలిగిందనుకున్నాడు. సేవ్ చేశాడు.

తర్వాత వాళ్ళమ్మ పేరు పోయింది. తర్వాత పెళ్ళి పోయింది. పెళ్ళిలో అతని చొక్కా గుండీ ఊడితే పీటల మీదే కూర్చుని కుట్టింది లోవ. బంధువుల్లో ఎవరు కనబడినా ఆ కథ చెప్పి నవ్వేది. అది గుర్తుచేస్తే, "మీకు గుండీలు కుట్టడం రాదా?" అంది. నవ్వడం కూడా తగ్గింది. వాదించడం తగ్గింది. అతను ఒకటంటే రెండనే మనిషి, అతను అన్నదే మళ్ళీ అనడం మొదలుపెట్టింది. అతను పళ్ళ మధ్య నుంచి విరిచి మాట్లాడినట్టే విరిచి మాట్లాడింది.

దొంగ కార్డు వేసిన గేము ఎలా ఆడుతుందో నూకరాజుకు తెలుసు. చివరి మెట్లు బాగానే ఉంటాయి. వెనక్కి వెళ్ళి మొదటి మెట్టు తెరిస్తే గోడలుండవు, మనిషికి తలుండదు. అలాంటివి పట్టుకుని కొట్టుకు వచ్చినవాళ్ళను అతను వందసార్లు తిట్టాడు. "చుక్క చూసి కొనుక్కోలేవా?" అని. ఈ పెట్టెలో అదే జరుగుతుంటే, బుద్ధి వచ్చిందనుకున్నాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసినా ఆమె అతని మాట ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటోంది. ఇక కార్డు తీసి పరీక్ష ఎందుకు చేస్తాడు?

చివరికి ఒకరోజు అడిగాడు.

"లోవా, బస్సులో వల్లికి ఏం చెప్పావు?"

ఫ్యాన్ తిరిగింది.

"ఏ బస్సు?"

"విశాఖపట్నం వెళ్ళేటప్పుడు."

"నాకు బస్సు తెలవదు. ఆ పిల్ల నన్ను చంపింది. అంతే తెలుసు."

నూకరాజు అవును నొక్కాడు. పెద్దకార్యం తర్వాత మొదటిసారి కూతురికి ఫోన్ చేశాడు.

"రా. మీ అమ్మ మాట్లాడతాదంట."

*

వల్లి చెప్పులు షట్టర్ బయట విప్పింది. తల్లి ఉన్నప్పుడు అలా ఎప్పుడూ విప్పలేదు. వచ్చి పెట్టె ముందు కూర్చుంది.

"అమ్మా. నేను, వల్లిని."

"తెలుసు. సంతకం పెట్టినదానివి."

వల్లి తండ్రి వైపు చూసింది. అతను చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"నువ్వు పెట్టమంటేనే పెట్టానమ్మా. బస్సులో చెప్పావు. కిటికీ పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నావు."

"నాకు చెయ్యి లేదు."

"అప్పుడుందమ్మా."

"రెండ్రోజులు ఆగితే లేచేదాన్ని. నీకు పరీక్షలున్నాయని తొందరపడ్డావు."

ఆపరేషన్ జరిగిన నెలలో బడికి సెలవులని వల్లి చెప్పలేదు. కాసేపు తెర వైపు చూసింది. నీలం రంగు తప్ప తెర మీద ఏమీ లేదు.

"అమ్మా, నీ పేరేంటి?"

"లోవ అని పిలుస్తారు."

"ఎవరు?"

"ఈయన."

"ఆ పేరు నీకెందుకొచ్చింది?"

ఫ్యాన్ చాలాసేపు తిరిగింది. "ఈయన్ని అడగాలి."

వల్లి లేచింది. పెట్టె ఆపి కార్డు బయటకు లాగింది. ఆమె ఆ కొట్టులోనే హోంవర్కు చేసుకుంటూ పెరిగిన పిల్ల. తల్లి ఒళ్ళో కూర్చుని చుక్క ఆరేదాకా ఊదిన పిల్ల. కార్డు వెలుతురులో పట్టుకుని చూసింది.

"ఇది అమ్మ చుక్క కాదు."

"చుక్క చుక్కే."

"అమ్మ అగ్గిపుల్లతో పెట్టేది. ఆవగింజంత ఉండేది. ఇది కుంచెతో పూసింది. ఎవరు పెట్టారు?"

వల్లి కార్డును మూలనున్న పాత కంప్యూటర్లో పెట్టి, నిండిన కార్డే కాబట్టి కొత్తగా ఏమీ రాయకుండా చదివించి చూసింది; కాస్త దూరం పోగానే మొదటిదే మళ్ళీ వచ్చింది. మీద రాసిన దానిలో ఎనిమిదో వంతు కూడా లేదు. అచ్చు పట్టేంత మాత్రమే చోటుంది.

"నాన్నా." గొంతు ఎక్కడా పెరగలేదు. "తెచ్చిన రోజే నిండిపోయింది ఇది. నువ్వు సేవ్ చేసినప్పుడల్లా అమ్మని తుడిచి నీ మాటలు రాశావు. మొదటినుంచీ చివరిదాకా రాసేశావు. ఇప్పుడు ఇందులో అమ్మ లేదు. నువ్వున్నావు."

"నోరు ముయ్యి."

"మొదటి రోజు మొత్తం ఉంది కదా? బస్సు కూడా ఉంది కదా?" ఆమె దగ్గరకు వచ్చింది. "తిట్టుకో, కొట్టుకో, నన్ను ఇంటికి రానివ్వకు. ఒక్కటి చెప్పు చాలు. మొదటి రోజు అమ్మ ఏమంది? తనే పెట్టమందని అందా?"

బయట ఎవరో ఆటోవాడు ఎదుటివాణ్ని తిడుతున్నాడు. ఆ తిట్టు పూర్తయ్యేదాకా నూకరాజు ఆగాడు. అతను ఒక్క మాట అంటే పిన్ని తలుపు తెరుస్తుంది. వల్లి నిద్రపోతుంది. అమ్మయ్య అన్న గొంతు అతని చెవిలో ఉంది. లోకంలో ఇంకెక్కడా లేదు.

"లేదు" అన్నాడు.

ఆమె కళ్ళు తిప్పుకోలేదు. అతను కార్డు లాక్కుని పెట్టెలో తోసి, ఆన్ చేశాడు.

"నమ్మకపోతే దీన్నే అడుగు. లోవా! సంతకం పెట్టమని దీనికి నువ్వు చెప్పావా?"

"లేదు" అంది పెట్టె. అతను విరిచినట్టే విరిచింది.

వల్లి చెప్పులు వేసుకుంది. షట్టర్ కింద వంగినదల్లా ఆగింది.

"ఇంక నువ్వు చెప్పినా నమ్మేవాళ్ళు ఎవరూ ఉండరు నాన్నా. సాక్షిని నువ్వే తినేశావు."

వెళ్ళిపోయింది.

"పోయిందా?" అంది పెట్టె.

"పోయింది."

"మంచిది."

*

కార్డు మార్చి మంచి దాంట్లో వేసుకోవచ్చు. వేసుకోవడానికి అందులో ఏముందని మార్చలేదు. పెట్టెతో మాట్లాడటం మానుకోనూ లేదు. రోజూ మధ్యాహ్నం షట్టర్ సగానికి దించేవాడు. మాట్లాడేవాడు. గెలవడానికి ఇంకేమీ లేదు కాబట్టి ప్రతిరోజూ అవును నొక్కేవాడు. కార్డు మళ్ళీ అంచుదాకా వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఈసారి మొదట ఉన్నవి అతని మాటలే.

శీతాకాలం వచ్చింది. ఒకరోజు కొట్టు ముందు నుంచి లోవ చెల్లెలు వెళ్తూ, లోపలికి చూడకుండా వెళ్ళింది. వల్లిని పిలవడం మానేసినవాళ్ళు ఇతన్ని పిలవడం కూడా ఎప్పుడో మానేశారు. నూకరాజుకు కోపం వచ్చింది. పెట్టె ఆన్ చేశాడు.

"లోవా, నిన్ను చంపిందెవరు?"

ఫ్యాన్ తిరిగింది.

"నేనెప్పుడు చచ్చిపోయాను?"

నూకరాజు తెర వైపు చూశాడు. నీలం. స్పీకరు తీగ సరిచేశాడు. పెట్టెను అరచేత్తో తట్టాడు.

"వల్లి సంతకం పెట్టింది కదే."

"వల్లి ఎవరండీ?"

అతను కుర్చీ బల్లకు దగ్గరగా జరుపుకున్నాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మొదటి రోజు చెప్పినట్టే, ఒక్క అబద్ధం కూడా కలపకుండా చెప్పాడు.

"నువ్వు చచ్చిపోయావు లోవా. ఆపరేషన్ అయ్యాక లేవలేదు. మిషన్ మీద ఉంచారు. ఆ మిషన్ తీసెయ్యమని నీ కూతురు సంతకం పెట్టింది."

చెప్పి, ముందుకు వంగి, స్పీకరుకు చెవి ఆనించాడు. ఒక్క మాట కోసం ఆగాడు. ఆ మాట వినలేకే మొదటి రోజు పెట్టె ఆపేశాడు.

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"అలాగా" అంది పెట్టె.

తెర మీద ప్రశ్న వచ్చింది. సేవ్ చేయాలా?